క్రోనట్ పుట్టిన దుకాణానికి వెళ్లే ముందు: అనంతపురం నుంచి ఒక బేకరీవాడి సమాధానం

ప్రొద్దుటూరు నుంచి మీరు అడిగింది ఇది: వచ్చే నెలలో దంపతులిద్దరూ అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్తున్నారు, న్యూయార్క్‌లో క్రోనట్ (పొరల పిండిని డోనట్ ఆకారంలో వేయించి క్రీము నింపిన తీపి వంటకం) పుట్టిన బేకరీకి తీసుకెళ్తానని అల్లుడుగారు పట్టుబడుతున్నారు, పొద్దున్నే లేచి వరుసలో నిలబడేంత విశేషం అందులో ఏముంది, గుడ్డు ముట్టని మీ శ్రీమతికి అక్కడ తినదగింది దొరుకుతుందా, నాలుగు కట్టించుకొని ఇంటికి తెచ్చుకుంటే ఎన్నాళ్లు నిలుస్తాయి. నేను అనంతపురంలో ముప్పై ఏళ్లకు పైగా బేకరీ నడుపుతున్నాను. 2019 అక్టోబరులో ఎడిసన్‌లోనే మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు ఆ దుకాణానికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి చేయదగ్గ తప్పులన్నీ చేశాను కాబట్టి మీకు కొంత పనికివచ్చేలా చెప్పగలననుకుంటున్నాను.

తప్పకుండా వెళ్లండి. అయితే అక్కడ అమ్మే ప్రతి వస్తువుకూ తినవలసిన వేళ ఒకటి ఉంది. కొన్నింటికి అది గంటల్లో, కొన్నింటికి నిమిషాల్లో ఉంటుంది. ఆ సంగతి తెలియకుండా వెళ్లినవాళ్లు ఫొటో తీసుకొని, డబ్బా పట్టుకొని, సాయంత్రం ఇంట్లో తిని, ‘దీనికా ఇంత గోల’ అంటారు. నేనూ అలాగే అన్నాను.

ముందు దుకాణం సంగతి. డొమినిక్ ఆన్సెల్ ఫ్రాన్స్‌లో పుట్టినవాడు, పారిస్‌లో ఫోషాన్ అనే పేరుమోసిన సంస్థలో పనిచేసి, తర్వాత న్యూయార్క్‌లో డానియెల్ అనే పెద్ద రెస్టారెంటులో పేస్ట్రీ విభాగానికి పెద్దగా ఉన్నాడు. 2011 నవంబరులో నలుగురు ఉద్యోగులతో మన్‌హటన్‌లోని సోహో ప్రాంతంలో, 189 స్ప్రింగ్ స్ట్రీట్‌లో సొంత బేకరీ తెరిచాడు. 2013 మే 10న క్రోనట్ మొదటిసారి అమ్మకానికి వచ్చింది. క్రోసాంట్ (వెన్న పొరలతో నెలవంకలా చేసే ఫ్రెంచి రొట్టె), డోనట్ (నూనెలో వేయించిన ఉంగరంలాంటి తీపి రొట్టె) అన్న రెండు పేర్లను కలిపి పెట్టిన పేరది. మొదటి నెల రుచి గులాబీ, వెనిల్లా. ధర అయిదు డాలర్లు. వారం తిరక్కుండానే దుకాణం ముందు తెల్లవారకముందే జనం చేరడం, వరుసలో నిలబడి కొన్నవాటిని బయట ఎన్నో రెట్ల ధరకు అమ్ముకునేవాళ్లు పుట్టుకురావడం జరిగాయి. ఆ సంవత్సరం టైమ్ పత్రిక ప్రకటించిన ఉత్తమ ఆవిష్కరణల జాబితాలో క్రోనట్ కూడా చేరింది. 2014లో ఆయనకు అమెరికా వంటవాళ్లకు ఇచ్చే జేమ్స్ బియర్డ్ పురస్కారం, 2017లో ప్రపంచపు ఉత్తమ పేస్ట్రీ చెఫ్ అన్న గుర్తింపు వచ్చాయి. ఈ వివరాలు పత్రికల్లో ఎవరైనా చదువుకోవచ్చు. పత్రికలు అంతగా పట్టించుకోని విషయం ఒకటుంది, మా వృత్తివాళ్లకు అసలు రుచించేది అదే.

మీరు రోజూ చూసే ఎగ్ పఫ్ తీసుకోండి. మైదాపిండి ముద్దను పరిచి, మధ్యలో కొవ్వు పలక పెట్టి, మూడు మడతలుగా మడిచి, కర్రతో సాగదీసి, మళ్లీ మడవాలి. ఇలా ఆరుసార్లు మూడేసి మడతలు వేస్తే లోపల కొవ్వు పొరలు 729 అవుతాయి. ఇది ఎక్కాల లెక్కే, మూడుని ఆరుసార్లు గుణించి చూసుకోండి. ఓవెన్‌లో ఆ పొరల మధ్య ఉన్న నీరు ఆవిరై పైకి తన్నుతుంది, పొరలు విడిపోయి పొంగుతాయి. పఫ్‌లో ఈస్టు ఉండదు, ఆవిరే దాని బలమంతా. క్రోసాంట్‌కు పిండిలో ఈస్టు కూడా పడుతుంది కనుక మడతలు తక్కువ చాలు. మూడుసార్లు మడిస్తే 27 పొరలు వస్తాయి. ఆవిరి ఒకవైపు, ఈస్టు ఒకవైపు కలిసి పనిచేసి లోపల తేనెపట్టులాంటి గదులు కడతాయి. అడ్డంగా కోసిన క్రోసాంట్‌లో ఆ గదులు కనబడకుండా బన్నులాగా ముద్దగా ఉంటే, ఆ దుకాణం పేరు ఎంత గొప్పదైనా సరే, పొరల మధ్య వెన్న కరిగి పిండిలో ఇంకిపోయిందని అర్థం.

ఆ వెన్నే మా ఊరికి పెద్ద చిక్కు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో బయట నలభై దాటుతుంది, లోపల ఓవెన్ పక్కన ఎంత ఉంటుందో చెప్పనవసరం లేదు. అందుకే ఈ ప్రాంతపు బేకరీల్లో చాలావరకు పఫ్‌కు వెన్న బదులు మార్జరిన్ అనే గట్టి నూనె కొవ్వు వాడతాం. పఫ్ కోసం తయారయ్యే మార్జరిన్ నలభై దాటితే గాని పూర్తిగా కరగదు. మనిషి నోటి వేడి 37 దగ్గర ఉంటుంది కాబట్టి అది నోట్లో కూడా సరిగా కరగక అంగిలికి అంటుకుంటుంది. పఫ్ తిన్నాక వేడి టీ తాగితే గాని నోరు శుభ్రపడినట్టు అనిపించకపోవడానికి కారణం ఇదే. మీరు ఆ బేకరీలో మొదటి కొరుకు కొరికినప్పుడు నాలుక మీద దేని కోసం చూడాలో ఇప్పుడు తెలిసింది కదా: కొవ్వు నోట్లో నిలవకుండా కరిగిపోయి, వెన్న వాసన మాత్రం మిగలాలి.

క్రోనట్ విషయానికి వస్తే, అది క్రోసాంట్ పిండిని డోనట్ ఆకారంలో కోసి నూనెలో వేయడమే అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకొని, 2014 మే నెలలో, మా బేకరీ మాస్టర్ వద్దంటున్నా వినకుండా, ఒక శుక్రవారం మధ్యాహ్నం ప్రయత్నించాను. మా మాస్టర్‌ది కర్ణాటకలోని హాసన్ వైపు, అయ్యంగార్ బేకరీల్లో చిన్నప్పటి నుంచి పెరిగిన చేయి. ఆయన వద్దన్నాడంటే కారణం ఉంటుందని అప్పటికే నాకు తెలిసి ఉండాలి. కోసిన చుట్టలు కడాయిలో పడగానే పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి తేలాయి, వెన్న మొత్తం నూనెలోకి దిగి నురగ కట్టింది, కడాయి అంచులు దాటి పొంగింది. పైకి తీసినవి చూస్తే నూనెలో తడిసిన వార్తాపత్రికల్లా ఉన్నాయి. మాస్టర్ ఏమీ అనలేదు, జల్లిగరిటె కడిగి పక్కన పెట్టి టీ తాగడానికి వెళ్లిపోయాడు.

అక్కడ వాళ్లు చేసే పద్ధతి వేరు. వాళ్ల పిండి క్రోసాంట్ పిండిని పోలినదే గాని వేయించడానికి తట్టుకునేలా దాని పాళ్లను ప్రత్యేకంగా కుదుర్చుకున్నారు. పది రకాలకు పైగా ప్రయత్నించి, రెండు నెలలు పట్టి, ఆ పాళ్లు కుదిరాయని ఆన్సెల్ సంస్థే చెబుతుంది. పిండి కలపడం, మడతలు, చలువలో విశ్రాంతి, పొంగించడం, వేయించడం అన్నీ కలిపి ఒక్కో క్రోనట్‌కు మూడు రోజులు పడుతుంది. ద్రాక్ష గింజల నూనెలో వేయించి, చక్కెరలో దొర్లించి, లోపలికి క్రీము ఎక్కించి, పైన ఉంగరంలా గ్లేజు అనే చక్కెర పూత పూస్తారు. రుచి నెలకొకటి, ఒకసారి చేసిన రుచి మళ్లీ రాదు. అందువల్ల మీకొక చిన్న సలహా: మీ మకాం రెండు నెలల మీదుగా సాగేటట్టయితే, నెల చివర ఒకసారి, కొత్త నెలలో ఒకసారి వెళ్తే రెండు రుచులు చూసినవారవుతారు.

పొరల పిండిని వేయించడం అనగానే మనకు ఆశ్చర్యపోవలసిన పని లేదు. మన సరిహద్దు ఊళ్లలో, హిందూపురం, మడకశిర వైపు పెళ్లిళ్లలో చిరోటి వడ్డిస్తారు, మీరు తినే ఉంటారు. పలుచగా ఒత్తిన రొట్టెల మధ్య నెయ్యీ బియ్యప్పిండీ కలిపిన ముద్ద రాసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టి, కోసి, మళ్లీ ఒత్తి నూనెలో వేయిస్తే రేకులు రేకులుగా విచ్చుకుంటుంది. పైన చక్కెర పొడి చల్లి, బాదం పాలు పోసి ఇస్తారు. గోదావరి వైపు మడత కాజా కూడా ఆ కుటుంబానిదే. పొరలు వేసిన పిండిని నూనెలో వేయించి తీపి పట్టించడం అన్నది మన వంటవాళ్లకు తరతరాలుగా తెలిసిన విద్య. చిరోటిలో ఈస్టు లేదు, అది పొంగి మెత్తబడదు, లోపల క్రీము పట్టే చోటు ఉండదు. క్రోనట్‌లో పైన చిరోటి కరకర, లోపల క్రోసాంట్ మెత్తదనం, మధ్యలో క్రీము, మూడూ ఒక్క కొరుకులో వస్తాయి. కనిపెట్టినవాడి గొప్పతనం ఆ మూడింటినీ ఒకదాన్నొకటి చెడగొట్టకుండా కొన్ని గంటలపాటు నిలబెట్టడంలో ఉంది. కొన్ని గంటలే, గుర్తుంచుకోండి.

ఇక వెళ్లే దారి. కారులో వెళ్లే ఆలోచన ఉంటే మానుకోమని అల్లుడుగారికి చెప్పండి, ఆ వీధుల్లో బండి నిలిపే చోటు వెతుక్కోవడానికే ఒక పూట పోతుంది. ఎడిసన్ స్టేషన్‌లో న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలెక్కితే సుమారు గంటలో న్యూయార్క్ పెన్ స్టేషన్. అక్కడే సబ్‌వే అనే భూగర్భ రైలు మార్గంలో డౌన్‌టౌన్ వైపు వెళ్లే సి గాని ఇ గాని రైలెక్కి స్ప్రింగ్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి, తూర్పు వైపు కొద్ది నిమిషాలు నడిస్తే చాలు. దుకాణం మనం ఊహించుకున్నంత పెద్దది కాదు. ఇరుకుగా, పొడవుగా ఉంటుంది, వెనకాల కూర్చొని తినడానికి కొంత చోటు ఉంది. ఆ వెనక చోటు సంగతి తెలియక చాలామంది డబ్బాలు పట్టుకొని పేవ్‌మెంటు మీదే నిలబడి తింటుంటారు.

2013 నాటి వరుసలు ఇప్పుడు ఊహించుకోవద్దు. నేను మంగళవారం నాడు, అప్పట్లో దుకాణం తెరిచే ఎనిమిది గంటలకు పావుగంట ముందు వెళ్తే నా ముందు పాతిక మంది లోపే ఉన్నారు, ఇరవై నిమిషాల్లో లోపలికి వెళ్లాను. శని, ఆదివారాలు మాత్రం వదిలేయండి. ఆలస్యంగా వెళ్తే దుకాణం తెరిచే ఉంటుంది గాని ఆ రోజు చేసిన క్రోనట్లు అయిపోయి ఉండవచ్చు; మూడు రోజుల ముందు మొదలుపెట్టిన సరుకును మధ్యాహ్నం అడిగితే కొత్తగా చేసి ఇవ్వడం ఎవరి వల్లా కాదు. నేను వెళ్లినప్పుడు మనిషికి రెండు మాత్రమే ఇచ్చేవారు. వేళలు, ధరలు, ముందుగా ఆన్‌లైన్‌లో చెప్పుకొనే ఏర్పాటు ఇవన్నీ మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు రోజు వాళ్ల వెబ్‌సైటు ఒకసారి చూడమని అమ్మాయికి చెప్పండి. ధర చూసి రూపాయల్లోకి మార్చే అలవాటు మీకు కూడా ఉంటే, ఆ ఒక్కపూట దాన్ని ఎడిసన్‌లోనే వదిలి వెళ్లండి. ఆ డబ్బుకు నా షాపులో పఫ్‌లు ట్రేలో ఒక వరుస వస్తాయని నేను లెక్కవేస్తుంటే, మా అబ్బాయి అది విని పక్కకు జరిగి నిలబడ్డాడు.

గుడ్డు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మొహమాటపడితే తర్వాత బాధపడాలి. క్రోనట్ మీ శ్రీమతికి పనికిరాదు. ఆన్సెల్ 2014లో ప్రచురించిన తన పుస్తకంలో ఇంట్లో చేసుకునే క్రోనట్ పద్ధతి ఇచ్చాడు. ఆ పిండిలో గుడ్డు తెల్లసొన ఉంది, లోపలి క్రీములో జిలాటిన్ ఉంది. జిలాటిన్ అంటే పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే పదార్థం. ఇక్కడొక మెలిక ఉంది. అమెరికాలో గుడ్డు, పాలు, గోధుమ, గింజపప్పులు వంటివి చట్టప్రకారం ముఖ్యమైన అలర్జీ పదార్థాల కింద లెక్క, కాబట్టి ‘ఇందులో గుడ్డు ఉందా’ అని అడిగితే కౌంటర్‌లో పిల్లలు ఠక్కున చెబుతారు. జిలాటిన్ ఆ జాబితాలో లేదు. ‘గుడ్డు లేదు’ అన్న సమాధానం వినగానే శాకాహారమని అనుకోవద్దు. జిలాటిన్ ఉందా అని విడిగా, పేరు పెట్టి అడగాలి. ఆ మాట అడగకుండానే మార్ష్‌మాలో (చక్కెర, జిలాటిన్‌తో చేసే దూదిలాంటి మెత్తటి తీపి) ఉన్న వస్తువు కొని తిన్న మన తెలుగువాళ్లు నాకు తెలిసే నలుగురైదుగురు ఉన్నారు.

అలాగని ఆవిడ ఉత్త కాఫీ తాగి కూర్చోనక్కర లేదు. ఆ దుకాణంలో డీకేఏ అని ఒకటి ఉంటుంది, డొమినిక్స్ క్వీన్ అమాన్ అన్నదానికి అది పొట్టి పేరు. క్వీన్ అమాన్ ఫ్రాన్స్‌కు పడమటి చివరన ఉన్న బ్రిటనీ ప్రాంతపు వంటకం; ఆ ప్రాంతపు భాషలో ఆ మాటకు వెన్న రొట్టె అని అర్థం. మైదా, ఈస్టు, నీళ్లు, ఉప్పు కలిపిన రొట్టెపిండిలోనే వెన్నను పొరలుగా మడిచి, ఆఖరి మడతల్లో చక్కెర చల్లుతూ ఒత్తుతారు. ఓవెన్‌లో ఆ చక్కెర పాకమై, అడుగున, అంచుల్లో గాజులా గట్టిపడుతుంది. సంప్రదాయ పద్ధతిలో ఆ పిండికి గుడ్డు అక్కరలేదు, క్రీము లేదు కాబట్టి జిలాటిన్ ప్రసక్తీ రాదు. అయినా అదే బల్ల మీద, అదే ట్రేలలో గుడ్డు వస్తువులు కూడా తయారవుతాయి. అంతవరకు సర్దుకోగలిగితేనే, ఆ రోజు దానిలో గుడ్డు లేదని కౌంటర్‌లో నిర్ధారించుకొన్నాకనే ఆవిడకు ఇప్పించండి. మడి, ఆచారం గట్టిగా పాటించే ఇల్లయితే ఆవిడ ఏదీ తినకపోవడమే మేలు, అందులో బలవంతం చేయకండి.

డీకేఏ గురించి నా అభిప్రాయం దాచుకోను. ఆ దుకాణంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే, క్రోనట్ దాని తర్వాతే. క్రోనట్ రాకముందు ఆ దుకాణానికి పేరు తెచ్చింది కూడా అదే. చేతిలోకి తీసుకుంటే అరచేతి మేర ఉంటుంది, బరువు ఊహించినదానికన్నా తక్కువ. అడుగుభాగాన్ని గోటితో తట్టి చూశాను. కొత్త కుండ మీద తట్టినట్టు చప్పుడు వచ్చింది. విరిస్తే పాకం పట్టిన పైపొర పెళుసుగా విరిగి, లోపల తడి తడిగా, ఆవిరి వాసనతో పొరలు పేజీల్లా ఊడివచ్చాయి. తీపిలో ఉప్పు తగులుతుంది. పాకం కొంచెం తక్కువ పడితే జిగురుగా పంటికి అంటుకుంటుంది, కొంచెం ఎక్కువైతే చేదు. ఆ రెంటి మధ్య ఉన్న సందు ఓవెన్ ముందు ఒకటి రెండు నిమిషాలే. కొబ్బరి బర్ఫీకో వేరుశనగ చిక్కీకో పాకం పట్టిన చేతులకు ఆ నిమిషం విలువ తెలుస్తుంది. ప్రకటనల హడావిడి లేకుండా ఒక పనివాడి చేయి ఎంతటిదో చూడాలనుకుంటే అది కొనుక్కోండి.

మిగతావాటిలో మ్యాడలీన్లు మీరు అడిగాక పోసి కాల్చి ఇస్తారు. గవ్వ ఆకారంలో, బొటనవేలంత ఉండే చిన్న కేకులు. నాలుగైదు నిమిషాలు నిలబడాలి, ఇచ్చిన వెంటనే అక్కడికక్కడే తినాలి; పది నిమిషాలు దాటితే అవి మామూలు కేకు ముక్కలే. వాటిలో గుడ్డు ఉంటుంది, కాబట్టి అవి మీకు మాత్రమే. ఫ్రోజెన్ స్మోర్ అని ఇంకొకటి ఉంది. వెనిల్లా ఐస్‌క్రీమ్ ముక్కకు సన్నటి చాక్లెట్ పొరల పలుకులు పట్టించి, దాన్ని తేనెతో చేసిన మార్ష్‌మాలోలో పొదిగి, పుల్లకు గుచ్చి, మీ కళ్లముందే మంటతో కాలుస్తారు. తెల్లటి మార్ష్‌మాలో మీద మంట తగలగానే, పెనం మీద జొన్నరొట్టెకు మచ్చలు పడ్డట్టు గోధుమరంగు మచ్చలు ఉబ్బుతాయి. కొరికితే పైన వేడి, లోపల పళ్లు జివ్వుమనేంత చలువ. పిల్లలకు బాగా నచ్చుతుంది. నాకు తీపి ఎక్కువనిపించింది, సగం మా అబ్బాయికి ఇచ్చేశాను. మార్ష్‌మాలో అంటే జిలాటిన్ అని ముందే చెప్పాను కాబట్టి మీ శ్రీమతి దాన్ని చూసి ఆనందించడమే. మీరు షుగరు సంగతి రాయలేదు గాని, మన వయసులో ఉన్నవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో వస్తువు కొనేకంటే అందరికీ కలిపి రెండు మూడు కొని పంచుకుంటే నోరూ ఒళ్లూ రెండూ బాగుంటాయి.

కట్టించుకొని తెచ్చుకోవడం గురించి. మొదటిసారి నేను ఒకటి అక్కడ తినకుండా, రెండు క్రోనట్లూ డబ్బాలో పెట్టించుకొని, ఊరంతా తిరిగి, రాత్రికి ఎడిసన్ చేరాను. పొద్దున తిందాంలే అని ఫ్రిజ్‌లో పెట్టాను. బేకరీ నడిపేవాడినై ఉండి ఆ పని ఎందుకు చేశానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. పొద్దున తీసి చూస్తే పైన చక్కెర చెమ్మగిల్లి కారింది, పొరలు తోలులా సాగాయి, వెన్న గడ్డకట్టి మైనంలా తగిలింది. మా కోడలు పాపం మంచి మనసుతో మైక్రోవేవ్‌లో పెట్టింది. లోపలి క్రీము కరిగి పింగాణీ పళ్లెంలో మడుగు కట్టింది. దుకాణంవాళ్లే చెబుతారు: ఆరేడు గంటల్లో తినెయ్యాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, వేడి చేయకూడదు. ఆ మాట నేను వినలేదు. నా లెక్కలో ఆరేడు గంటలన్నది కూడా గరిష్ఠం. మొదటి రెండు గంటల్లో తిన్నదానికీ సాయంత్రం తిన్నదానికీ పోలికే లేదు. ఫ్రిజ్ చలువలో మైదా వస్తువులన్నీ బయటికన్నా త్వరగా పాతబడతాయి, పిండిలోని గంజి పదార్థం గట్టిపడుతుంది. ఇది మన ఇళ్లలో బ్రెడ్డుకు కూడా వర్తిస్తుంది. అందువల్ల ఎడిసన్‌కు తెచ్చుకోవద్దు, ఇండియాకు తెచ్చే ఆలోచన అసలే వద్దు. ప్రొద్దుటూరులో మనవళ్లకు చూపించాలంటే ఫొటో ఒక్కటే మార్గం.

ఊరికి తిరిగివచ్చాక బెంగళూరులోనో హైదరాబాదులోనో ‘క్రోనట్’ అని బోర్డు చూసి, ఇక్కడే దొరుకుతుంటే అంతదూరం ఎందుకు వెళ్లామని అనుకోకండి. అమెరికాలో ఆ పేరు ఆన్సెల్‌ది, ట్రేడ్‌మార్క్ నమోదై ఉంది, కాబట్టి అక్కడ మిగతా దుకాణాలవాళ్లు క్రోసాంట్ డోనట్ అనో మరో పేరు పెట్టో అమ్ముకుంటారు. పేరుకు హక్కు ఉంది గాని పొరల పిండిని వేయించకూడదని ఎవరినీ ఆపలేరు. మన దగ్గర అమ్మేవాటిలో కొన్ని బాగానే ఉంటాయి, ఎక్కువ భాగం మార్జరిన్‌తో చేసి పైన చాక్లెట్ పోసినవి. తేడా తెలుసుకోవడం సులభమే: తిన్నాక రెండు నిమిషాలు ఏమీ తాగకుండా ఉండి, నాలుకను అంగిలికి ఆనించి చూడండి.

ఒక చిన్న సంగతి మాత్రం మర్చిపోకండి. క్రోనట్‌ను రంపపు పళ్లున్న బ్రెడ్డు చాకుతోనే కోయాలి, కానీ చాకును ఇంటి నుంచి వెంట తీసుకెళ్లకండి. దుకాణంలోనే కోసి ఇమ్మని అడగాలి. మామూలు చాకుతోనో చెంచా అంచుతోనో నొక్కి కోస్తే మూడు రోజులు నిలబెట్టిన పొరలు ఒక్క నొక్కుతో అణిగిపోయి, క్రీము పక్కలనుంచి బయటికి వస్తుంది. రెండోసారి వెళ్లినప్పుడు నేను కౌంటర్‌లో అమ్మాయిని అడిగి నాలుగు ముక్కలు చేయించుకున్నాను. చాకు దిగుతున్నప్పుడు ముందు చక్కెర గరగరమంది, తర్వాత పొరలు ఒకదాని తర్వాత ఒకటి తెగుతున్న సన్నటి చప్పుడు వినబడింది. ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టి, గదులు లెక్కపెట్టడానికి ప్రయత్నించి, పదహారు దాకా వచ్చి వదిలేశాను. వెనకాల వాళ్లు బల్ల ఖాళీ అవుతుందేమోనని చూస్తున్నారు. పేపర్ నాప్‌కిన్ మీద ఆ ముక్క ఆకారం గీసుకొని వచ్చి మా మాస్టర్‌కు చూపిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, ‘డిసెంబరులో చేద్దాం సార్, తెల్లవారుజామున’ అన్నాడు. ఆ డిసెంబరులో నాలుగు రోజులు చేశాం. మూడో రోజువి షాపులో పెట్టదగ్గట్టు వచ్చాయి.